షోరూంలో బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద ఏం రాయించాలి

బైకు సర్వీసుకి ఇచ్చినప్పుడు కౌంటర్ దగ్గర మనం చెప్పేది ఒకటి, వాళ్లు జాబ్ కార్డు, అంటే ఏ పని చేయాలో రాసే కాగితం మీద రాసుకునేది ఇంకొకటి. లోపల షెడ్డులో పని చేసే మెకానిక్ మనతో మాట్లాడడు, ఆ కాగితం చూసే పని మొదలుపెడతాడు. దాని మీద "జనరల్ చెకప్" అని ఉంటే ఆయిల్ మార్చి, చైన్ బిగించి, కడిగి బయట పెడతాడు, అందులో అతని తప్పు కూడా లేదు. ఈ సంగతి తెలియక నేను నాలుగు నెలలు షోరూం చుట్టూ తిరిగాను. నల్లగొండ, పాలమూరు వైపు రోజూ బండి మీదే బతుకుదెరువు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి ఆ తిరుగుడు తప్పాలని ఇదంతా రాస్తున్నాను.

నాది విత్తనాలు, పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ పని. నల్లగొండ నుంచి హాలియా, నిడమనూరు, ఒక్కోరోజు మల్లేపల్లి మీదుగా దేవరకొండ దాకా పోవాలి, రోజుకి 70, 80 కిలోమీటర్లు తక్కువ కాదు. బండి కొన్న ఏడాది దాటాక ఒక జబ్బు మొదలైంది. మలుపులో ఒక్క క్షణం ఆగిపోయేది, సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్ అయ్యేది. సాగర్ రోడ్డు మీద వెనక లారీ ఉండగా మలుపులో ఇంజన్ ఆగితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. షోరూంకి తీసుకుపోతే మొదటిసారి ప్లగ్ మార్చారు, రెండోసారి పెట్రోల్‌లో నీళ్లు ఉన్నాయని ట్యాంక్ కడిగారు, మూడోసారి బ్యాటరీ చార్జింగ్ పెట్టి ఇచ్చారు. ప్రతిసారీ అదే మాట: "అన్నీ చూసినం సార్, బండి ఓకే." మూడు జాబ్ కార్డులూ ఇంటికి వచ్చాక తీసి చూస్తే మూడింటి మీదా "బండి ఆగిపోతోంది, చెకప్" అన్న ముక్కే ఉంది.

అప్పుడు ఒక వారం పాటు ఆగిన ప్రతిసారీ ఫోన్‌లో రాసుకున్నాను. టైమ్, ఎంత దూరం నడిచింది, ఇంజన్ వేడిగా ఉందా, ఆగినప్పుడు మీటర్ వెలుగుతోందా, హ్యాండిల్ ఎటు తిరిగి ఉంది. ఐదుసార్లలో ఐదుసార్లూ హ్యాండిల్ ఎడమకే తిరిగి ఉంది, మీటర్ కూడా ఇంజన్‌తో పాటే ఆరిపోయింది. పెట్రోల్ జబ్బయితే మీటర్ ఎందుకు ఆరుతుంది? నాలుగోసారి వెళ్లి ఆ రెండు సంగతులూ అలాగే రాయించాను. సీనియర్ మెకానిక్ ఒకాయన బండి స్టాండ్ వేసి, ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ రెండుసార్లు పూర్తిగా ఎడమకు తిప్పాడు, ఆగిపోయింది. హెడ్‌లైట్ వెనక, హ్యాండిల్ మెడ దగ్గర వైరింగ్‌ను మరీ బిగించి కట్టారు, తాళం చెవి స్విచ్ నుంచి వచ్చే వైరు పైన తొడుగు బాగానే ఉండి లోపల తీగ తెగింది. అరగంట పని, అదీ వారంటీలోనే అయిపోయింది.

కాబట్టి షోరూంకి పోయే ముందు చేయాల్సిన మొదటి పని జబ్బును గమనించడం. "కార్బన్ పట్టింది అనుకుంటా", "పంపు పోయినట్టుంది" అని మన ఊహ చెప్పొద్దు. మనం పంపు అంటే పంపు మార్చి బిల్లు వేస్తారు, జబ్బు అలాగే ఉంటుంది. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది, ఎప్పుడు జరిగింది, అంతవరకే చెప్పాలి. ఆ చెప్పేదాంట్లో ఏది పనికొస్తుందో నాకు తెలిసినంత వరకు చెప్తాను.

బండి ఆగినప్పుడు మీటర్, లైట్లు కూడా పోతే అది కరెంటు దారి. బ్యాటరీ టెర్మినల్ లూజ్, మెయిన్ ఫ్యూజు, తాళం చెవి స్విచ్, వైరింగ్, వీటిలో ఒకటి. మీటర్ వెలుగుతూనే ఉండి ఇంజన్ మాత్రం గుటకలు మింగినట్టు జర్కులు ఇచ్చి మెల్లగా ఆగితే పెట్రోల్ వైపు చూడాలి. పాత కార్బొరేటర్ బండి అలా ఆగినప్పుడు ట్యాంక్ మూత తీయగానే గాలి "ఉస్సు"మని లోపలికి పోయి, తర్వాత బండి మామూలుగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయినట్టు, దానికి ఖర్చే లేదు. పూర్తిగా వేడెక్కాకే ఆగి, ఒక పావుగంట నీడలో పెట్టాక స్టార్ట్ అవుతుంటే ఇగ్నిషన్ కాయిల్ గానీ ఇంజన్ తిరిగే లెక్క చూసే సెన్సర్ గానీ అనుమానించాలి. ఇలాంటి జబ్బు పొద్దున్నే చల్లటి బండిని షోరూంలో ఇస్తే దొరకదు. కనీసం ఇరవై కిలోమీటర్లు నడిపి వేడి మీదే ఇవ్వాలి, ఎప్పుడు ఆగుతుందో కార్డు మీద రాయించాలి.

వాన పడ్డాకో, బండి కడిగాకో వచ్చే జబ్బు వేరు. ప్లగ్ క్యాప్‌లో, కనెక్టర్లలో నీళ్లు దిగుతాయి. ఇప్పుడు వస్తున్న చాలా బండ్లలో సైడ్ స్టాండ్ వేసి ఉంటే ఇంజన్ స్టార్ట్ కాకుండా ఒక స్విచ్ ఉంటుంది. నల్లరేగడి చేలగట్ల మీద తిరిగితే బురద పట్టి ఎండి, స్టాండ్ తీసినా ఆ స్విచ్ తీసినట్టు చూపించదు. పొలం దగ్గర బండి స్టార్ట్ కాకపోతే ముందు స్టాండ్ దగ్గర నీళ్లు పోసి, నాలుగుసార్లు వేసి తీయండి. ఇద్దరు ముగ్గురు రైతుల బండ్లు నేను అలాగే స్టార్ట్ చేసి ఇచ్చాను, లేకపోతే ఆటోలో ఎక్కించుకుని ఊరికి తెచ్చేవాళ్లు.

మన్ననూరు దాటి శ్రీశైలం పోయే ఘాట్‌లో ఇంజన్ అరుస్తుంది గానీ స్పీడ్ పెరగదు అంటే క్లచ్ జారుతోంది. ప్లేట్లు అరిగి ఉండొచ్చు, లేదా ఎవరో కారులో పోసే ఆయిల్ పోసి ఉండొచ్చు. మన బండ్లలో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్‌లో జారుడు కోసం కలిపే మందులు దానికి పడవు. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) లేదా ఎంఏ2 (MA2) అని ఉన్నదే బైకు ఆయిల్. చిక్కదనం అంకె, అంటే 10డబ్ల్యూ-30 అనో 20డబ్ల్యూ-50 అనో, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఏది ఉంటే అదే. పక్కింటి బండికి మంచిదని మన బండికి మంచిది కాదు.

శబ్దం విషయానికొస్తే, బండి నిలబెట్టి ఆక్సిలరేటర్ ఇచ్చినా వస్తుందా, నడిస్తేనే వస్తుందా అన్నది ముఖ్యం. నిలబడి ఉన్నా టకటకమంటే ఇంజన్ లోపలిది, టాపెట్లు (వాల్వులను కదిపే భాగాలు) గానీ టైమింగ్ చైన్ గానీ అయి ఉంటుంది. చక్రం వేగంతో పెరిగి తగ్గేదైతే చైన్, బేరింగ్, బ్రేక్ లైనర్ల వైపు చూస్తారు. పొగ కూడా అంతే. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ కాలుతోంది, నీలంగా వచ్చి ఆయిల్ కూడా తగ్గుతుంటే ఇంజన్ బోరుకి వచ్చినట్టు, అంటే లోపల సిలిండర్ అరిగినట్టు. ఒక్కోసారి వచ్చి పోయే జబ్బులన్నిటికీ వీడియో తీసి పెట్టుకోండి, మీటర్ కనపడేలా. పసుపు రంగు ఇంజన్ లైటు తాళం వేయగానే వెలిగి స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. నడుస్తుండగా వెలిగితే ఆ క్షణం ఫోటో తీయండి, షోరూంకి వెళ్లేలోపు ఆరిపోయినా స్కానర్ (బండి కంప్యూటర్‌లో పడిన తప్పు కోడ్ చదివే మిషన్) పెడితే లోపల కోడ్ ఉండే అవకాశం ఉంది, "స్కానర్ పెట్టి కోడ్ చూడాలి" అని కార్డు మీద రాయించండి.

ఇక కౌంటర్. దసరాకి ముందు వారం వెళ్లొద్దు. వాహన పూజకు బండ్లు కడిగించుకునే వాళ్లతో షెడ్డు నిండిపోతుంది, కష్టమైన జబ్బు చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఆదివారం, పండగ మర్నాడు కూడా అంతే. మామూలు రోజు తెరిచే టైమ్‌కి వెళ్తే సీనియర్ మెకానిక్ ఖాళీగా దొరుకుతాడు. "అన్నా, ఒక్క రౌండ్ నాతో వస్తారా" అని మర్యాదగా అడిగి, అతనికి హ్యాండిల్ ఇచ్చి మీరు వెనక కూర్చుని, జబ్బు వచ్చే దారిలో తీసుకుపోండి. ఆ పది నిమిషాల వల్ల మూడు ట్రిప్పులు తప్పుతాయి. నేను చూసినంతలో చాలామంది మెకానిక్‌లు అడిగితే వస్తారు, అడిగేవాళ్లే తక్కువ.

కార్డు మీద మీ మాటలే రాయమనండి, తెలుగులో అయినా సరే. సూపర్‌వైజర్ కంప్యూటర్‌లో కోడ్ కొట్టి వదిలేస్తానంటే, ప్రింట్ తీశాక మీరే పెన్నుతో కింద రాసి ఆయన సంతకం పెట్టించుకోండి. కిలోమీటర్లు, పెట్రోల్ ఎంత ఉంది, బండి మీద ముందే ఉన్న గీతలు, అంచనా ఖర్చు, ఎప్పటికి ఇస్తారు, ఇవన్నీ ఉండాలి. ఒక వాక్యం మాత్రం తప్పకుండా రాయండి: "ఇందులో లేని పని ఏది చేసినా ముందు ఫోన్ చేసి అడగాలి." ఆ వాక్యం లేకపోతే టెఫ్లాన్ కోటింగ్, ఇంజన్‌లో పోసే డబ్బా మందు, పాలిష్ అని బిల్లు నిండుతుంది. వాటిలో ఏదీ బండి నడవడానికి అవసరం లేదు, వద్దంటే వారంటీ పోదు. మొత్తం రాశాక కార్డు ఫోటో తీసుకోండి. నా కాపీ ఎక్కడో పోయింది అన్న మాట తర్వాత ఎవరి దగ్గరా చెల్లదు.

బండి తీసుకునేటప్పుడు తొందర వద్దు, ముఖ్యంగా సాయంత్రం షట్టర్ వేసే టైమ్‌కి వెళ్లొద్దు. మార్చిన పాత సామాను చూపించమనండి. డబ్బులు మీరు కట్టిన పార్టు అయితే పాతది మీదే, తీసుకుపోవచ్చు. వారంటీలో మార్చినది మాత్రం కంపెనీకి పంపాలి కాబట్టి వాళ్ల దగ్గరే ఉంటుంది. బిల్లులో ప్రతి పార్టు పేరు, దాని ధర, లేబర్ విడిగా ఉండాలి. "మొత్తం ఇంత" అని చీటీ మీద రాసిస్తే ఒప్పుకోవద్దు, జీఎస్టీ బిల్లే కావాలి. ఆయిల్ లెవల్, చైన్, వెనక చక్రం నట్టు, రెండు బ్రేకులు, బ్రేక్ లైటు అక్కడే చూసి రెండు మూడు కిలోమీటర్లు నడిపాక డబ్బులు కట్టండి. జబ్బు తీరకపోతే "సమస్య అలాగే ఉంది" అని రాసి సంతకం చేయండి, అంతా బాగుందన్న కాగితం మీద మాత్రం చేయొద్దు. రెండు రోజుల తర్వాత కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. "10కి 10 చెప్పండి సార్, లేకుంటే మా జీతంలో కోత పడుతది" అని షోరూం పిల్లలు ముందే బతిమాలతారు. వాళ్ల మీద జాలి ఉన్నా నిజమే చెప్పాలి. కంపెనీకి మన మాట నేరుగా చేరే దారి అది, జబ్బు తీరని బండికి 10 ఇస్తే రేపు ఫిర్యాదు చేసినప్పుడు ఆ 10ని మనకే చూపిస్తారు.

వారంటీ గురించి ఒకటి తెలుసుకోండి. అది తయారీ లోపానికి మాత్రమే. బ్రేక్ లైనర్లు, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్, ఫిల్టర్, ప్లగ్, బల్బులు అరిగే సామాను కింద లెక్క. బ్యాటరీకి, టైర్లకు వాటి కంపెనీల వారంటీ విడిగా ఉంటుంది, ఆ కార్డులు బండి కొన్న రోజే అడిగి తీసుకోండి. ఉచిత సర్వీసులు రోజులు, కిలోమీటర్లు రెండిటిలో ఏది ముందు వస్తే దానికే చేయించాలి. నాలాగా నెలకి దాదాపు 2000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి తేదీ రాకముందే కిలోమీటర్లు దాటిపోతాయి, "ఇంకా డేట్ ఉంది కదా" అనుకుంటే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. బయట ఎల్ఈడీ లైట్లు, పెద్ద హారన్ల కోసం వైరు కోయించినా కరెంటు జబ్బులకి వారంటీ లేదంటారు. మా ఊరి పిల్లలకి ఎంత చెప్పినా ఈ ఒక్కటి వినరు, దీని గురించి నాకు నిజంగా బాధ ఉంది, ఎందుకంటే నేను చూసిన వైరింగ్ గొడవల్లో చాలావాటికి మొదలు ఆ కోత దగ్గరే.

వారంటీ కుదరదు అంటే "ఎందుకు కుదరదో కార్డు మీద రాసివ్వండి" అని అడగండి. నోటితో కాదన్నవాళ్లు రాయమంటే మళ్లీ ఆలోచిస్తారు. ఇంకో సంగతి, కొన్న చోటే చూపించాలని లేదు, అదే కంపెనీ అధికారిక సర్వీస్ సెంటర్ ఏదైనా వారంటీ పని చేయాలి. నల్లగొండలో దొరకని జబ్బును మిర్యాలగూడలోనో సూర్యాపేటలోనో చూపించండి, పాలమూరు వాళ్లయితే జడ్చర్లలో, వనపర్తిలో, తప్పదంటే హైదరాబాద్‌లో. రెండో చోట కూడా మొదటి చోటి కార్డులు చూపిస్తే మళ్లీ ప్లగ్ దగ్గర నుంచి మొదలుపెట్టరు.

వారంటీ అయిపోయాక ఊళ్లో నమ్మకమైన మెకానిక్ దగ్గరికి పోవడంలో తప్పేమీ లేదు. చైన్, బ్రేకులు, క్లచ్, టాపెట్ సెట్టింగ్ లాంటివి షోరూం కన్నా శ్రద్ధగా చేసే మేస్త్రీలు మన దగ్గర చాలామంది ఉన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్యం తగ్గించే నిబంధన) బండ్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి, సెన్సర్ జబ్బుకి మాత్రం స్కానర్ ఉన్న చోటుకే పోవాలి.

అసలు షోరూం అవసరమే తక్కువ పడాలంటే మన రోడ్లకి తగ్గట్టు చూసుకోవాలి. వారానికోసారి సెంటర్ స్టాండ్ వేసి, పుస్తకంలో చెప్పిన పద్ధతిలో ఆయిల్ గేజ్ తీసి చూడండి. చాలా బండ్లలో పట్టేది లీటరే లేదా దానికి అటూ ఇటూ, అందులో పావు లీటరు తగ్గినా ఇంజన్‌కి పెద్ద దెబ్బ. చైన్ మధ్యలో వేలితో పైకి కిందికి కదిపితే ఎక్కువ బండ్లలో రెండు నుంచి మూడు సెంటీమీటర్లు ఆడాలి, సరైన కొలత పుస్తకంలో ఉంటుంది. మరీ బిగిస్తే బేరింగ్ పోతుంది. వరికోతల సీజన్లో కల్లాల దగ్గర, పత్తి లారీల వెనక తిరిగేవాళ్లకి ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన దానికన్నా ముందే నిండుతుంది. స్పాంజి ఫిల్టర్ అయితే కడిగి ఆయిల్ పట్టించి పెట్టొచ్చు, ఆయిల్ పూసిన కాగితం ఫిల్టర్ అయితే గాలి కొట్టొద్దు, కడగొద్దు, మార్చడమే. బండి కడిగేటప్పుడు ప్రెజర్ పైపు చక్రం బేరింగ్‌ల మీద, కోన్ సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగ్) దగ్గర, స్విచ్‌ల మీద నేరుగా పెట్టనివ్వకండి.

పెట్రోల్ గురించి కూడా. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలో తేమను లాక్కుంటుంది. నెల రోజులు బండి నిలబెట్టాల్సి వస్తే ట్యాంక్ నింపి ఉంచండి, ఖాళీ ట్యాంక్‌లోనే తేమ చేరుతుంది. ఇంజెక్షన్ బండిని ఎప్పుడూ రిజర్వ్ మీద నడపొద్దు, లోపలి పంపును చల్లగా ఉంచేది ఆ పెట్రోలే. బ్యాటరీ అనుమానం ఉంటే వోల్టులు కొలిచే మల్టీమీటరుతో చూస్తే చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజన్ నడిపితే సుమారు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే బ్యాటరీ మార్చి లాభం లేదు, చార్జింగ్ దారి చూడాలి.

ఇన్ని చేసినా షోరూం వాళ్లు తిప్పుతూనే ఉంటే గొడవ పడొద్దు, మెట్లు ఎక్కండి. ముందు వర్క్స్ మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకుని, అదే సంగతి మెయిల్ కూడా పెట్టండి. కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ షోరూంకి ఏ రోజు వస్తాడో అడిగి, ఆ రోజు బండి తెస్తానని చెప్పండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నా విషయంలో ట్యాంక్ కడిగిన లేబరు, అవసరం లేని ప్లగ్ డబ్బులు తిరిగి ఇమ్మని నాలుగు కార్డులూ జతచేసి ఒక పేజీ లెటర్ ఇస్తే, లేబర్ డబ్బులు వారంలో ఇచ్చారు, ప్లగ్‌వి ఇవ్వలేదు.

చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ. 2019 చట్టం ప్రకారం షోరూం ఎక్కడున్నా మీరు ఉండే చోట కేసు వేయొచ్చు, బండికీ పనికీ కట్టింది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి, ఆ గడువు మాత్రం మర్చిపోవద్దు. తయారీ లోపం అని నిరూపించడం కష్టం, దానికి నిపుణుడి రిపోర్టు అడుగుతారు. అదే జబ్బుకి నాలుగుసార్లు తెచ్చినా బాగు చేయలేదు అన్న సేవా లోపం నిరూపించడానికి అయితే తేదీలతో ఉన్న జాబ్ కార్డులే సాక్ష్యం. షోరూంతో పాటు తయారీ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. కొన్న బిల్లు, ఆర్‌సీ, సర్వీస్ పుస్తకం, కార్డులు, బిల్లులు, మెయిళ్లు, వీడియోల తేదీలు వరుసగా ఒక కవర్‌లో పెట్టుకోండి, కార్డుల మీద ఇంకు ఏడాదిలో వెలిసిపోతుంది కాబట్టి జిరాక్స్ కూడా తీయించండి.